దుంపల విశ్రాంతికాలము: మెట్టకృష్ణా దృష్టితో ఒక సమీక్ష

శీతలదేశములలో వెలువడు ఉద్యానగ్రంథములను తిరుగవేసినవారికి, అందు కాలా లిల్లీని గూర్చిన ప్రకరణమున సగము మొక్కను పెంచుటకును, తక్కిన సగము దానిని చలికాలము దాటించుటకును వినియోగింపబడియుండుట తెలియకపోదు. మంచు పడకముందే దుంపను త్రవ్వవలెననియు, నీడను ఆరబెట్టవలెననియు, చల్లని పొడిచోట దాచి వసంతమున మరల నాటవలెననియు ఆ గ్రంథములు ఏకకంఠముగా బోధించును. ఆ బోధను అక్షరాలా అనుసరించి, పుష్యమాసమున మొక్క పచ్చగా పిలకలు వేయుచుండగా దానిని పెకలించి అటుక యెక్కించి, ఉగాది వెళ్లిన పిదప మరల మట్టిలో నాటు నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు పూలప్రియుడు, ఆ మొక్క సుఖముగా బ్రతుకగల నాలుగు నెలలను దానికి లేకుండ చేసి, అది బ్రతుకజాలని నాలుగు నెలలకు దానిని ఒప్పగించినవాడగుచున్నాడు.

ఇది ఒక్క పూవునకు సంబంధించిన విషయము కాదు. దుంపజాతి మొక్కను ఒక పెరుగుదలకాలము నుండి మరియొకదాని వరకు ప్రాణముతో నిలుపుట యెట్లను ప్రశ్న, విత్తనపు పసుపును మాఘము మొదలు జ్యేష్ఠము వరకు కాపాడుకొను దుగ్గిరాల రైతునకును, కందగడ్డను నీడను ఆరబెట్టు కృష్ణా లంకల సేద్యగానికిని, నూతిగట్టు చెంత రెండు చేమపాదులు వేసికొన్న వీరులపాడు గృహిణికిని సమానమే. ఈ ప్రశ్నపై శాస్త్రజ్ఞులును, ఉద్యానకారులును, రైతులును వెలిబుచ్చిన అభిప్రాయములు పలుచోట్ల పరస్పరము పొసగవు. ఎక్కడ పొసగకున్నవో, ఏ హేతువుచే పొసగకున్నవో విచారించి, వానిలో మన మెట్టప్రాంతమునకు చెల్లునది యేదియో నిర్ణయించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

కాలా లిల్లీ, దాని బంధువర్గము

పేరున లిల్లీ యున్నను ఈ మొక్క లిల్లీ కుటుంబమునకు చెందినది కాదు. మన చేమకును కందకును ఇది సగోత్రము. లిన్నేయసు 1753లో దీనిని కాలా ప్రజాతియందు చేర్చెను. 1826లో జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు స్ప్రెంగెల్ దీనికై జాంటెడెస్కియా యను వేరు ప్రజాతి నేర్పరచెను. తెల్లని ఏకదళమువలె విచ్చుకొని చూపరుల మనసు దోచునది నిజమునకు పూరేకు కాదు; అది కంకిని చుట్టియుండు మట్ట. నడుమ నిలిచిన పసుపుపచ్చని కంకిపై సన్నని పూవులు క్రిక్కిరిసియుండును. ఎన్నడైన కంద పూయగా దాని ఊదారంగు మట్టను, నడిమి కంకిని చూచినవారికి ఈ చుట్టరికమును వేరుగ చెప్పవలసిన పనిలేదు. పదునెనిమిదవ శతాబ్ది తుదిపాదమున సామర్లకోటలో నివసించి తెలుగునాటి వృక్షసంపదను పరిశోధించిన విలియం రాక్స్‌బరో, కందను ఆరమ్ ప్రజాతియందు చేర్చి పేరిడుటయు ఈ మట్టకంకుల సామ్యమును బట్టియే.

ఈ కుటుంబమునకు మరియొక ఉమ్మడి లక్షణము కలదు. ఆకు, కాడ, దుంప మున్నగు భాగములలో కాల్షియం ఆక్సలేటు స్ఫటికములు సూదులవలె పేర్చబడియుండును, దురదకు మూలమదియే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనవారు పరిహాసమున కనుచుందురు గాని, కందను చింతపండు పులుసుతో నుడికించి ఆ దురదను అణచుకొను నేర్పును వారే కనుగొనిరి. కాలా లిల్లీ విషయమున అట్టి నేర్పునకు తావులేదు. అది తినదగిన దుంప కాదు. కావున పసిపిల్లలును పశువులును తిరుగు పెరట్లలో దానిని విత్తనపు కందతోడను చేమతోడను కలిపి నిల్వచేయరాదు.

జాంటెడెస్కియా ప్రజాతిలో ఎనిమిది జాతులు గలవు. అన్నింటికిని జన్మభూమి ఆఫ్రికా దక్షిణభాగమే. మన ప్రశ్నకు ముఖ్యమైన విషయమేమన, అంగడిలో ఒకేపేర అమ్ముడుపోవు వీనిలో రెండు భిన్నస్వభావములు గలవు. తెల్లపూవుల జాతి చిత్తడినేలలలో పుట్టి, నీరు దొరకినంతకాలము ఏడాది పొడుగునను పచ్చగా నుండును. చలికాలమున వానలు కురిసి వేసవి యెండిపోవు కేప్ ప్రాంతమున అది చలికాలమున పెరిగి, నేల యెండినప్పుడు మాత్రమే ఆకు వాల్చును. పసుపు, గులాబి, ఊదా రంగుల పూవులనిచ్చు జాతులును, వానినుండి పుట్టిన సంకరములును వేసవి వానల పచ్చికబయళ్లకు చెందినవి. చదునైన గడ్డతో నేలలో దాగి, పొడి చలికాలమును నిద్రలో గడుపుట వాని నైజము. ఒక గ్రంథము ఈ మొక్కకు విశ్రాంతి అక్కరలేదనుటకును, మరియొకటి విశ్రాంతి లేనిదే పూయదనుటకును కారణమిదియే. ఇరువురును సత్యమే పలికిరి. వేర్వేరు మొక్కలను గూర్చి పలికిరి.

తెల్లజాతి తనకు నచ్చినచోట ఎంత మొండిగా పాతుకొనునో పశ్చిమ ఆస్ట్రేలియా చరిత్ర చెప్పుచున్నది. తోటలకై తెచ్చిన ఆ మొక్క అక్కడి చలికాలపు వానలకు పొలముల కెగబ్రాకి, కలుపుమొక్కగా ప్రభుత్వముచే ప్రకటింపబడినది. మనదేశమున నీలగిరుల చిత్తడిపట్టుల యందును అది తనంత తానే వ్యాపించినది. అట్టి మొక్క మునేటి యొడ్డున ఒక్క వేసవికే అంతరించుట గడ్డలోని లోపముచేత కాదు. నేలకును ఋతువునకును అది చెల్లకపోవుటచేతనే.

విశ్రాంతి స్వరూపము

డెన్మార్కు వృక్షశాస్త్రజ్ఞుడు రౌంకియేర్ ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో మొక్కలను వర్గీకరించుటకు ఒక నూతనసూత్రమును ప్రతిపాదించెను. పూవులను గాని కాయలను గాని చూడక, ప్రతికూలఋతువున మొక్క తన మొగ్గను ఎక్కడ దాచుకొనునో చూడుమని ఆయన సూచన. చెట్టు కొమ్మతుదిని దాచును. గడ్డి నేలమట్టమున దాచును. దుంపమొక్క నేలలోపల దాచును. ఈ సూత్రములోని మెలకువ ప్రతికూలఋతువను మాటయందున్నది. ఆయన చలియని నిర్దేశింపలేదు. ఒకచోట మంచు, మరియొకచోట అనావృష్టి ఆ ఋతువగును. దుంప అనునది చలికి మాత్రమే విరుగుడుగా పుట్టినది కాదు. భూమధ్యరేఖకు చేరువ మండలములలో అది అనావృష్టికి ప్రత్యుత్తరముగా పుట్టినది. కంచెల వెంట వానకాలమున నిప్పుకణికలవలె పూచి, చలి ముదురునాటికి తీగను ఎండగొట్టుకొని, మొదటి వానల వరకు గడ్డగా నిద్రించు అగ్నిశిఖ, అనగా అడవినాభి, దీనికి మన కన్నులయెదుటి నిదర్శనము.

విశ్రాంతియందును రెండు విధములు గలవు. ఒకటి స్వభావసిద్ధము: త్రవ్విన కందగడ్డను వెంటనే నాటి ఎంత నీరు పోసినను, ఇంచుమించు నెలన్నర రెండునెలలు గడచినగాని అది మొలకెత్తదు, ఆ గడువు తీరినపిమ్మట నీరును మట్టియు లేకపోయినను వంటింటి మూలనే మొలక చూపును. రెండవది పరిస్థితివశమున కలుగునది: తెల్ల కాలా లిల్లీ నీరులేక నిద్రపోవును, నీరు తగిలిన మేల్కొనును. మొదటిదానికి కారణము మొగ్గలోని రసాయనముల సమతౌల్యము. అబ్సిసిక్ ఆమ్లము అధికమైనంతకాలము మొగ్గ అణగియుండును, అది తగ్గి జిబ్బరెల్లినులును సైటోకైనినులును బలపడినప్పుడు పిండిపదార్థము చక్కెరగా మారి మొలక కదలును. రంగుల కాలా లిల్లీ సాగుచేయువారు నాటుటకు ముందు గడ్డలను జిబ్బరెల్లిక్ ఆమ్లపు ద్రావణమున ముంచి పూవుల సంఖ్యను పెంచుకొనుట ఈ జ్ఞానముయొక్క ఫలమే.

నిద్రించు దుంప మృతవస్తువు కాదు. అది శ్వాసించుచునే యుండును. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినప్పుడెల్ల ఆ శ్వాసవేగము ఇంచుమించు రెట్టింపగునని వృక్షశరీరధర్మశాస్త్రము చెప్పుచున్నది. పదునైదు డిగ్రీల చల్లదనమున నిల్వయున్న గడ్డతో పోల్చినచో, ముప్పదియైదు డిగ్రీల వేడిని నిల్వయున్నది తన ఆహారనిధిని నాలుగింతల వేగమున ఖర్చుచేయునన్నమాట. నిల్వపద్ధతుల తారతమ్యమంతయు ఈ ఒక్క లెక్కలో ఇమిడియున్నది.

మెట్టలో ప్రతికూలఋతువు

వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట మండలములు 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినను, ప్రకృతిరీత్యా ఇవి పూర్వపు కృష్ణాజిల్లాకు పశ్చిమపు మెట్టయే. ఇటు వైరా, అటు మునేరు ప్రవహించుచున్నను, నాగార్జునసాగర్ ఎడమకాలువ నీరు కొంతభాగమునకు అందుచున్నను, జుజ్జూరు, అల్లూరు, పొన్నవరము, జయంతి వంటి గ్రామముల పొలములలో పత్తి, మిరప, అపరాలదే పెత్తనము. కృష్ణాడెల్టా వలె ఇది సదా తడియుండు నేల కాదు.

ఇచట డిసెంబరు, జనవరి రాత్రులయందు సైతము ఉష్ణోగ్రత సాధారణముగా 15 డిగ్రీలకు అటునిటుగా నుండును. మంచు గడ్డకట్టుట యెరుగరు. పగలు 30 డిగ్రీల ప్రాంతమున సౌమ్యముగా వెలిగి, గాలిలో తేమ క్రమముగా తగ్గి, ఆకాశము నిర్మలమై యుండు ఆ కాలము, శీతలదేశపు వసంతగ్రీష్మములను తలపింపజేయును. మే నెలలోనో, పగటివేడి 42 మొదలు 45 డిగ్రీల వరకు సాగి, ఒక్కొక్కయేట దానిని మించును, వడగాలి వీచును, కప్పులేని నల్లరేగడి పైపొర మధ్యాహ్నమున 50 డిగ్రీలను దాటును. రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెత ఈ నేలకు అతిశయోక్తిగా తోపదు. వెంటనే మృగశిర, ఆర్ద్రలతో వానలు దిగి, పగుళ్లిచ్చిన నల్లరేగడి ఒక్కమారుగా ఉబ్బి మూసికొని నీటిని పట్టివేయును. కావున దుంపకు ఇక్కడ ఒకటి కాదు, రెండు గండములు గలవు: ఎండి చచ్చుట ఒకటి, ఆపై కుళ్లి చచ్చుట రెండవది. చలివలన గండము లేదు.

ఇందుకు సరిగా వ్యతిరేకమైన స్థితి మనరాష్ట్రముననే చింతపల్లి, లంబసింగి మన్యమున గలదు. అక్కడ చలికాలపు రాత్రులలో ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలకు లోపడుట వింత కాదు. పుస్తకములలోని చలికాలపు జాగ్రత్తలు అక్కడ కొంతవరకు పనికివచ్చును; ఐదారువందల కిలోమీటర్లు కూడ లేని దూరమున వీరులపాడులో పనికిరావు.

మూడు మతములు

దుంపను ప్రతికూలఋతువున ఏమి చేయవలెనను విషయమున మూడు మతములు ప్రచారమునందున్నవి. నేలలోనే యుంచవలెనని మొదటిది. త్రవ్వి దాచవలెనని రెండవది. విశ్రాంతియే లేకుండ నీరుపెట్టి పెంచవలెనని మూడవది.

మొదటిమతమునకు ప్రకృతియే సాక్షి. అడవిదుంపను ఎవరును త్రవ్వి దాచుటలేదు. ఎండవేడిమి పైపొరను కాల్చినను, నేలలోనికి దిగినకొలది పగటికిని రాత్రికిని భేదము క్షీణించి, మూరెడు లోతున దాదాపుగా నశించును. అనేక దుంపజాతులకు ముడుచుకొను వేళ్లుండి, ఏటేట అవి గడ్డను మరికొంత లోనికి లాగుకొనును. నేలసంపెంగ, మెట్టతామర, విషముంగలి మొదలగునవి మన పెరట్లలో ఏండ్లతరబడి త్రవ్వకయే బ్రతుకుచున్నవి; పూలవ్యాపారమున లిల్లీయని పిలువబడు నేలసంపెంగను ఒకమారు నాటిన రైతు రెండుమూడేండ్లు దానినే కోతకోయును. అయినను ఈ మతము ఇసుకపాలుగల ఎఱ్ఱనేలకు చెల్లినంతగా నల్లరేగడికి చెల్లదు. రేగడి పగుళ్లగుండ వేడిగాలి నేరుగా గడ్డను తాకును. తొలకరికి ఆ పగుళ్లనుండియే నీరు దిగి దానిని ముంచును. ఎత్తైన మడియో, ఒక చెట్టునీడయో, గడ్డికప్పుయో లేనిచోట నేలలో విడిచిన రంగుల కాలా లిల్లీ మరుసటియేటికి మిగులునని ఆశించుట వ్యర్థము.

రెండవమతము వ్యవసాయమునకు ఆధారము. గడ్డ చేతికి వచ్చినచో దానిని పరీక్షింపవచ్చును, రోగగ్రస్తమును ఏరివేయవచ్చును, విభజింపవచ్చును, అమ్మవచ్చును. కాని త్రవ్వుటయందే అపాయము మొదలగును. గునపము తగిలిన ప్రతి గాయమును కుళ్లుతెగులునకు ద్వారము. కాలా లిల్లీని ప్రపంచమంతట వేధించు మెత్తకుళ్లు, పెక్టోబాక్టీరియం అను సూక్ష్మజీవివలన గాయముల ద్వారా ప్రవేశించి, వేడియు తడియు కలిసినచోట గడ్డను దుర్గంధపు ముద్దగా మార్చును. సోకిన గడ్డకు మందులేదు, తీసి పారవేయుటయే శరణ్యము. నత్రజని అధికమైన ఎరువు వేసి కండబట్టించిన గడ్డలు దీనికి మరింత త్వరగా లోబడును.

మూడవమతము తెల్లజాతికి మాత్రమే వర్తించును. నీటితొట్టి చెంత, పూర్తినీడలో, వేళ్లు తడియారకుండ పెంచినచో ఆ మొక్క వేసవిని ఎట్లో గడుపును. అప్పుడైనను పూయదు, ఆకులు చిన్నవగును. వేసవిలో త్రాగునీటికే ఎదురుచూచు గ్రామములలో ఒక అలంకారపుమొక్కకై నిత్యము నీరు ధారపోయుట సమర్థనీయము కాదని వేరుగ చెప్పనేల?

రైతుల నిల్వవిద్య

నిల్వవిద్యయందు మన రైతులకు శిక్షణనిచ్చినది పసుపు. జనవరి మొదలు మార్చి వరకు త్రవ్విన పంటనుండి విత్తనమునకు ఏరిన తల్లిదుంపలను, కొమ్ములను మే, జూన్ నాటికి కాపాడవలెను. ఎకరమునకు ఇంచుమించు పది క్వింటాళ్ల విత్తనము కావలెను గాన, నిల్వలో కుళ్లినదెల్ల రైతు చేతిసొమ్మే. చెట్టునీడను గాని పాకలోగాని దుంపలను కుప్పగా పోసి, పసుపాకు కప్పి, మట్టిని పేడతో కలిపి పైన మెత్తుట ఒక పద్ధతి. గుంటత్రవ్వి రంపపుపొట్టుతోగాని ఇసుకతోగాని పొరలుపొరలుగా పేర్చి, గాలికై రంధ్రములుగల పలకను మూతపెట్టుట మరియొకటి. ముష్టి ఆకును పొరలనడుమ పరచుట సుగంధద్రవ్య పరిశోధకులు కూడ పేర్కొన్న ఆచారము. దుంపలను ఆశించు పొలుసుపురుగునకు క్వినాల్‌ఫాసు, కుళ్లునకు మాంకోజెబు ద్రావణమున ముంచి నీడను ఆరబెట్టిన పిమ్మటనే కుప్పవేయవలెనని శాస్త్రజ్ఞుల సలహా. ఈ పద్ధతులన్నింటి సారము మూడుమాటలలో చెప్పవచ్చును: నీడ, గాలి, పొడిదనము. చలియన్నది వానిలో లేదు.

కంద విషయమున ఆరబెట్టుటకు ఎక్కువ ప్రాధాన్యము. ఆకులు పండి కాండము వాలిన పిమ్మట త్రవ్విన గడ్డను, ప్రతిముక్కకును నడిమి మొగ్గలో కొంతభాగము వచ్చునట్లు అరకిలో మొదలు కిలో వరకు కోసి, పేడనీళ్లలో ముంచి నీడను ఆరబెట్టి నాటుదురు. ఆ పేడనీళ్లలో ట్రైకోడెర్మా అను మేలుచేయు శిలీంధ్రమును కలుపుట ఇటీవలి మెరుగు. కోసిన ముఖము ఆరి బెండువంటి పొర కట్టుటచే తెగులునకు దారి మూసికొనును. తూర్పుతీరపు రైతులకు సుపరిచితమైన గజేంద్ర రకము కొవ్వూరు పరిశోధనస్థానమున ఎంపిక చేయబడినదే. దురద తక్కువగుటచే అది త్వరలోనే ఇతర రాష్ట్రములకును వ్యాపించెను. 1963లో తిరువనంతపురమున స్థాపింపబడిన కేంద్రీయ దుంపపంటల పరిశోధనసంస్థయు, 2007లో వెంకటరామన్నగూడెమున నెలకొల్పబడిన ఉద్యాన విశ్వవిద్యాలయమును ఈ పంటలపై కృషి చేయుచున్నవి.

ఇంచుమించు ఇదే క్రమము కాలా లిల్లీకిని వర్తించును. ఆకు పసుపుబారుటకు మొదలిడగానే నీరు తగ్గించి, ఆకు తనంత తాను ఎండువరకు కోయక, ఎండిన పిమ్మట గాయపడకుండ త్రవ్వి, కడుగక మట్టిని విదిలించి, వారము పదిదినములు నీడను ఆరబెట్టవలెను. ఆకును పచ్చిగా కోసినవాడు గడ్డకు చేరవలసిన ఆహారమును దారిలో దోచినవాడగును.

చల్లదనమా, పొడిదనమా?

ఇటీవలి వాదములలో ప్రధానమైనది చల్లదనమును గూర్చినది. వేడిమి శ్వాసను పెంచి గడ్డను క్షీణింపజేయుననుట నిశ్చయమైనప్పుడు, గుంటూరుసీమయంతట మిరపకై వెలసిన శీతలగిడ్డంగులలోనే విత్తనపు దుంపలను దాచరాదా యని ప్రశ్న పుట్టును. ఇక్కడ జాతిభేదము గమనింపదగినది. పసుపును అల్లమును 12 డిగ్రీలకు దిగువను ఎక్కువకాలముంచినచో చలిదెబ్బ తిని మొలకశక్తిని కోల్పోవును. కాలాడియమునకు 15 డిగ్రీలకు తక్కువ పనికిరాదు. రంగుల కాలా లిల్లీకి 10 మొదలు 15 వరకు అనుకూలము. డాలియా దుంప 5 డిగ్రీల చలిని సైతము ఓర్చుకొనును. ఎండుమిరపకు తగిన గది వీనిలో అన్నింటికిని తగినది కాజాలదు.

1980 దశకమున ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనసంస్థ విద్యుత్తు అక్కరలేని ఒక శీతలపేటికను రూపొందించెను. రెండు ఇటుకగోడల నడుమ ఇసుక పోసి దానిని తడుపుచుండిన, నీరు ఆవిరియగుటచే లోపలి వేడి నడివేసవిలో పది డిగ్రీలకు పైగా తగ్గును. మన మెట్టలో పొడిగాలి వీచు వైశాఖమున ఇది చక్కగా పనిచేయవలసినదే. కాని అట్టిపేటికలో తేమ నూటికి తొంబదివరకు పెరుగును. కూరగాయలకు వరమైన ఆ తేమ నిద్రించు దుంపకు శాపమై, మొలకనో బూజునో పిలుచును. చల్లదనమును కోరినచో తేమ వచ్చును. పొడిదనమును కోరినచో వేడి మిగులును. ఈ రెండింటి నడుమ రాజీగా తోచునది యొకటి గలదు: పొడి కొబ్బరిపొట్టులోనో ఇసుకలోనో గడ్డలను పేర్చి, మూతగల చిన్న కుండలో నుంచి, ఆ కుండను పేటికలో బయటితేమ సోకకుండ నిలుపుట. పట్టణవాసులు ఫ్రిజ్ అడుగున కూరగాయల అరలో, చలిని ఓర్చు నాలుగు గడ్డలను కాగితమున చుట్టి దాచుకొనవచ్చును. అయితే పండిన మామిడి, అరటిపండ్ల సరసన ఉంచరాదు, వానినుండి వెలువడు ఇథిలీన్ వాయువు అనేకదుంపల మొగ్గలకు చేటుచేయును.

దేశాంతరమున తెలుగువారి అనుభవము

చలికాలము దాటించుటయను మాటకు పూర్తియర్థము తెలిసిన తెలుగువారు అమెరికాలోని న్యూజెర్సీ, ఇల్లినాయి వంటి రాష్ట్రములలో నివసించువారు. అక్టోబరునాటికే మంచుపడు ఆ ప్రదేశములలో, వేసవిలో పెరటియందు పెంచిన చేమను, పసుపును, అల్లమును త్రవ్వి, కరివేప, మల్లె తొట్లను ఇంటిలోనికి గాని కారుకొట్టములోనికి గాని చేర్చుట వారికి ఏటేటి విధి. కాలా లిల్లీ గ్రంథములు చెప్పు క్రమము అక్కడ అక్షరాలా నిజము. కాని అక్కడను ఒక చిక్కు గలదు: డాలియాకు చాలినంత చల్లని కారుకొట్టమున పసుపుదుంప చలిదెబ్బ తినును. ఉష్ణదేశపు దుంపను ఇంటిలోపలి అలమరలో, అతిశీతము సోకనిచోట దాచవలెను. టెక్సాసు వంటి దక్షిణరాష్ట్రములలో స్థిరపడినవారు గడ్డికప్పుతోనే చేమను నేలయందు నిలుపుకొనగలుగుచున్నారు. ఒకే తెలుగు కుటుంబపు అన్నదమ్ములు చికాగోలో ఒకడు, డల్లాసులో ఒకడు, వీరులపాడులో ఒకడు ఉన్నచో, ఒకే చేమదుంపకు మూడు వేర్వేరు పంచాంగములు కావలెను.

మల్లె చూపు మార్గము

మనప్రాంతమున చలికాలపు విశ్రాంతి అసలే లేదనుకొనరాదు. మైలవరము పరిసరముల మల్లెతోటలలో అది కలదు. అయితే అది మొక్క కోరినది కాదు, మనుజుడు విధించినది. వేసవిపూతకై మల్లెకు చలికాలమున నీరు కట్టివేసి, ఆకు రాలగా కొమ్మలు కత్తిరించి, పిమ్మట ఎరువువేసి నీరు విడుతురు. ఆ నిర్బంధవిశ్రాంతివలన కొత్తకొమ్మలు ఒక్కసారిగా లేచి మొగ్గతొడుగును. పూవు కావలసిన నెలను ముందు నిర్ణయించుకొని, దానినుండి వెనుకకు లెక్కించి విశ్రాంతిని ఏర్పరచుట ఇందలి కౌశలము. కాలా లిల్లీని పెంచగోరువాడును ఈ లెక్కనే పాటించవలెను.

రంగుల కాలా లిల్లీ నాటిన రెండు రెండున్నర నెలలకు పూయును. దాని పూతకు పగటినిడివితో నిమిత్తములేదు. పగటివేడి పాతిక డిగ్రీల ప్రాంతమున ఉన్నప్పుడు అది మిక్కిలి సుఖించును. కావున స్వాతికార్తె వానలు వెలసిన పిమ్మట, నవంబరు తొలివారములలో, నీరునిలువని తొట్టిలో, మధ్యాహ్నపుటెండ తగులనిచోట నాటినచో సంక్రాంతి దాటునప్పటికి పూయుట న్యాయము. ఫాల్గుణమాసాంతము వరకు ఆకును కాపాడి గడ్డను బలపరచి, ఉగాది ప్రాంతమున నీరు ఆపి, చైత్రమున త్రవ్వి, పైన చెప్పిన విధమున పొడిగా దాచవలెను. తొలకరికి నాటు ప్రలోభమునకు లోనుగారాదు; ఉక్కపోతయు తడియు కలిసిన ఆషాఢశ్రావణములు మెత్తకుళ్లునకు అనువైన మాసములు.

నిర్ణయము

ఇంత చేసినను చైత్రము మొదలు ఆశ్వయుజము వరకు ఏడునెలలు గడ్డను నిల్పుట దాని స్వభావసిద్ధమైన రెండుమూడు నెలల విశ్రాంతికి మించిన భారమనియు, ఏటేట గడ్డ చిన్నదగుట అనివార్యమనియు ఒప్పుకొనవలెను. వేడుకకై నాలుగుతొట్లు పెంచువారికి ఇది నష్టము కాదు. వ్యాపారమునకై మెట్టభూమిలో దీనిని పెంచదలచినవారికి మాత్రము, ఊటీ, కొడైకెనాలు వంటి చల్లని కొండలకు చెందిన ఈ పంటకంటె, బెంగుళూరు ఉద్యాన పరిశోధనసంస్థ విడుదలచేసిన ప్రజ్వల్, శృంగార్ వంటి నేలసంపెంగ రకములు శ్రేయస్కరములు. అవి మన వేసవికి జంకవు, మన పూలబజారులో నిత్యము అమ్ముడుపోవును.

మూడుమతములలో ఏది సరియైనదను ప్రశ్నకు సమాధానము మొక్కపేరులో లేదు. ప్రతికూలఋతువు ఏదియో, విశ్రాంతి స్వభావసిద్ధమో పరిస్థితివశమో, నేల రేగడియో ఇసుకపాలో అను మూడింటిని విచారించినప్పుడు అది తనంత తానే తేలును. మెట్టకృష్ణాలో ఆ విచారణఫలము ఒక్కటే: చలికాలము పెంచవలసిన కాలము, వేసవి దాచవలసిన కాలము, తొలకరి జాగ్రత్తపడవలసిన కాలము. విత్తనపు పసుపును నీడలో, గాలిలో, పొడిగా కాపాడుకొన్న రైతునకు కాలా లిల్లీ గ్రంథములు నేర్పవలసినది స్వల్పము. అతని కుప్పలలో, గుంటలలో వేసవి పొడుగునను వేడియు తేమయు ఎట్లు మారునో కొలిచి, ఏ పద్ధతిని ఎంత విత్తనము చెడునో లెక్కగట్టి ప్రకటించు బాధ్యతను ఉద్యాన విశ్వవిద్యాలయము చేపట్టినచో, పూలతొట్టి పెంచువానికిని పసుపుచేను దున్నువానికిని ఏకకాలమున మేలు కలుగును. అంతవరకు పాఠకులకు మనవి యొక్కటే: ఏ దేశపు పుస్తకమునైనను చదువుడు, గాని గునపము చేతబట్టుటకు ముందు అది ఏ అక్షాంశమున వ్రాయబడినదో చూచుకొనుడు.